ఆమోదము పొందిన పుట: వికీ నుండి వేరొక వెబ్‌సైటునకు

ఒక ఊరిని గూర్చి వ్రాయువారెవరు, వ్రాసినదానిని సరిచూచువారెవరు, సరిచూచినది పదిమందికిని చేరు మార్గమేది? ఈ మూడు ప్రశ్నలును పాతవే. పట్వారీ దస్త్రములును జిల్లా గెజిటీరులును నడచిన కాలమున వీనికి జవాబులు సులభముగా దొరకెడివి. వ్రాసినవాడు ఉద్యోగి, సరిచూచినవాడు అతని పై అధికారి, అచ్చొత్తినది ప్రభుత్వ ముద్రణాలయము. నేడు ఊరి సమాచారమును అంతర్జాలములోని వికీలయందు ఊరివారే వ్రాయుచున్నారు. కావున ఆ ప్రశ్నలకు క్రొత్త జవాబులు వెదకవలసివచ్చినది. వానిలో మూడవదానిని, అనగా సరిచూచిన పుట తనంతట తాను మరొక వెబ్‌సైటునకు చేరు విధమును, ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

జడ్చర్లను ఉదాహరణముగా తీసికొందము. హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు రహదారిమీద నున్న ఈ పట్టణమును, దానిని ఆనుకొనియున్న బాదేపల్లి మార్కెట్టును ఎరుగనివారు పాలమూరు ప్రాంతమున అరుదు. ఆ రహదారి సంఖ్య ఒకప్పుడు 7. 2010లో దేశమంతట జాతీయ రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు 44 అయినది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినది. అంతవరకు జడ్చర్లతో ఒకే జిల్లాలో నుండిన కల్వకుర్తి నాగర్‌కర్నూలు జిల్లాలోనికిని, షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోనికిని పోయినవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వేరు జిల్లా అయినది. 2021 ఏప్రిల్ 30న జడ్చర్ల పురపాలక సంఘమునకు ఎన్నికలు జరిగినవి.

పండ్రెండేండ్లు తిరుగకమునుపే ఒక్క ఊరి పుటలో ఇన్ని మార్పులు చేయవలసివచ్చినది. వికీలో ఎవరో ఒకరు వానిని దిద్దుదురు. కాని ఆ పుటకు నకలు తీసి వేరొకచోట పెట్టినవారు తమ నకలును దిద్దుదురా? దిద్దనిచో పోటీ పరీక్షకు చదువు విద్యార్థి పాత జిల్లా పేరునే వల్లించును. దరఖాస్తు నింపు గృహస్థు పాత మాటనే వ్రాసి, కార్యాలయము చుట్టు రెండుమార్లు తిరుగును. మూలము సరియైనంతమాత్రమున చాలదు. నకలును దానితోపాటు నడువవలెను.

ఇక వికీ అననేమి? అది హవాయీ భాషలోని మాట. త్వరగా అని దాని అర్థము. హొనలూలూ విమానాశ్రయములో తిరుగు బస్సులకు గల ఆ పేరును గ్రహించి, వార్డ్ కనింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు 1995 మార్చి 25న మొదటి వికీని లోకమునకు అందించెను. 2001 జనవరి 15న ఇంగ్లీషు వికీపీడియాయు, 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియాయు ఆరంభమైనవి. వికీలో పుటను చదువువాడే దిద్దవచ్చును. ప్రతి దిద్దుబాటునకును ఒక సంఖ్య యుండును. దాని తేదీ, దిద్దినవారి గుర్తు పుట చరిత్రలో నిలిచియుండును. తెలుగు వికీపీడియాలో అందరును కూడి మాటలాడుకొను చోటునకు రచ్చబండ అనియే పేరు.

ఈ స్వేచ్ఛ వ్రాయువారికి ఎంత అవసరమో, నిలుకడ చదువువారికి అంత అవసరము. ఉదయము సరిగా నున్న పుటను మధ్యాహ్నము ఎవరైన చెరుపవచ్చును, సాయంకాలము మరొకరు బాగుచేయవచ్చును. మధ్యలో చూచినవాని గతి యేమి? రేడియో శ్రోతలకు దీని పరిష్కారము క్రొత్తది కాదు. ప్రసంగపాఠమును స్టూడియోలో ఎన్నిమార్లైనను కొట్టివేయుదురు, దిద్దుదురు. ఆమోదము పొందిన ప్రతియే ప్రసారమగును. స్టూడియో ఒకచోట నుండును, ప్రసారిణి ఊరి వెలుపల మరొకచోట నుండును. స్టూడియోలోని కొట్టివేతలు ప్రసారిణివరకు పోవు. వికీయందును వ్రాయు చోటు ఒకటి, చూపు చోటు వేరొకటి యైనచో రెండు అవసరములును తీరును.

ఆమోదమనగా పుటకు ముద్ర వేయుట కాదు, ఆ పుట యొక్క ఒకానొక కూర్పునకు ముద్ర వేయుట. ఈ భేదము ముఖ్యమైనది. జర్మను వికీపీడియాలో 2008 మే నుండి ఇట్టి పద్ధతి కలదు. అక్కడ అనుభవముగల సభ్యుడు చూచి గుర్తు పెట్టిన కూర్పే సామాన్య పాఠకునకు మొదట కనబడును. ఆ తరువాతి దిద్దుబాట్లు పరీక్షకై నిలిచియుండును. అచ్చట చూపుటయు ఆ వెబ్‌సైటునందే జరుగును. మేము చెప్పబోవునది మరియొక అడుగు ముందు: గుర్తు పడిన కూర్పును వేరొక సర్వరునకు పంపుట.

జడ్చర్లలోని ఒక గ్రంథాలయము తన ప్రాంతమును గూర్చి వికీ నడుపుచు, ఆమోదించిన పుటలను మాత్రము బయటి వెబ్‌సైటులో చూపదలచినదనుకొందము. గంటకొకసారి గాని, రాత్రివేళ ఒక్కసారి గాని ఒక ప్రోగ్రాము మేల్కొని, "నేను కడపట వచ్చినది మొదలు ఏ యే కూర్పులు ఆమోదము పొందినవి?" అని వికీని అడుగును. వికీ వాని సంఖ్యలను చెప్పును. ప్రోగ్రాము ఆ కూర్పులనే తెచ్చి, వికీ వ్రాతను పాఠకుడు చూచు పుటగా మార్చి, ఒక తాత్కాలిక స్థలమున ఉంచును. అన్నియు సరిగా తయారైన పిమ్మట దూరపు సర్వరునకు పంపును. ఈ రవాణాకు ఆర్‌సింక్ అను ప్రోగ్రాము ప్రసిద్ధము. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనువారు దానిని వెలువరించిరి. అది మొత్తము మరల పంపక, మారిన భాగములను మాత్రమే పంపును. వేయి పుటలలో మూడు మారినచో, ఆ మూడింటి మార్పులే తీగమీద పోవును.

ఇంతవరకు సులభమే. చిక్కులు ఇక్కడనుండి మొదలగును. మొదటిది మూసల చిక్కు. అనేక పుటలలో ఒకే పట్టిక కనబడవలసినప్పుడు దానిని మూసగా ఒక్కచోట వ్రాసి, అన్ని పుటలలోను పిలుతురు. జిల్లా మండలముల పట్టిక ఇట్టిదే. జడ్చర్ల పుటను నిన్న ఆమోదించితిమి. మూసను నేడెవరో తప్పుగా మార్చిరి. నేటి రాత్రి ప్రోగ్రాము నిన్నటి పుటను తీసికొని నేటి మూసతో కలిపినచో, ఎవరును ఆమోదింపని సమాచారము ఆమోదముద్రతో బయటికి పోవును! బొమ్మల విషయమును అంతే. పేరు మారకుండగనే లోపలి బొమ్మ మారవచ్చును. కావున ఆమోదించు క్షణమున ఏ మూస ఏ కూర్పులో నున్నదో, ఏ బొమ్మ ఏ ప్రతియో కూడ వ్రాసియుంచుకొనవలెను.

రెండవది లంకెల చిక్కు. జడ్చర్ల పుటనుండి గంగాపురము పుటకు లంకె యున్నది, గంగాపురము పుట ఇంకను ఆమోదము పొందలేదు అనుకొందము. బయటి వెబ్‌సైటులో ఆ లంకెను నొక్కినవానికి ఏమియు కనబడదు. అట్టి లంకెను ప్రస్తుతమునకు ఉత్త మాటగా మార్చి, ఆ పుట ఆమోదము పొందిన దినమున మరల లంకెగా మార్చవలెను. అనగా ఒక పుటకు ఆమోదము లభించినచో, దానిని పేర్కొన్న తక్కిన పుటలను కూడ ప్రోగ్రాము మరల తయారుచేయవలెను.

మూడవది మన లిపికి సంబంధించినది. జడ్చర్ల అను మాటను కంప్యూటరు ఏడు సంకేతములుగా దాచును: జ, డ, పొల్లు, చ, ర, పొల్లు, ల. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కొక్కటి మూడు బైట్లు. కావున మొత్తము 21 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కొక్క బైటును మూడేసి గుర్తులుగా మార్చుదురు గనుక అదే మాట 63 గుర్తులగును. లినక్సు సర్వర్లలో సాధారణముగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. చిరునామా రూపమునే ఫైలు పేరుగా ఉంచినచో 28 తెలుగు సంకేతములతో హద్దు ముగియును. "జడ్చర్ల పురపాలక సంఘ ఎన్నికల ఫలితములు" అను శీర్షికలో ఖాళీలు గాక 32 సంకేతములున్నవి. ఆ ఫైలు తయారే కాదు. ఇంగ్లీషు శీర్షికలతో మాత్రమే పరీక్షించినవానికి ఈ లోపము తెలియనే తెలియదు. పేరును నేరుగా తెలుగు బైట్లలో ఉంచుటయో, పుటకు సంఖ్య నిచ్చి ఆ సంఖ్యతో ఫైలు పెట్టుటయో దీనికి మార్గము.

పంపుచుండగా కరెంటు పోయినచో? సగము క్రొత్తవి, సగము పాతవి కలిసిన వెబ్‌సైటు మిగులకుండ, అన్నియు చేరిన తరువాతనే పాతదాని స్థానమున క్రొత్తది నిలుపవలెను. ఆమోదము ఉపసంహరించినచో? పంపుటతోపాటు తొలగించుటయు ప్రోగ్రామునకు నేర్పవలెను. ఒకరి పరువునకు భంగము కలిగించు వాక్యము పొరపాటున బయటికి పోయినప్పుడు, వికీలో దిద్దితిమి గదా అనుట జవాబు కానేరదు. మార్గము ఏకముఖముగా నుండుటయు అవసరము. వికీ బయటి సర్వరునకు పంపవచ్చును గాని, బయటి సర్వరు వికీలో వ్రాయరాదు. అట్లైన బయటిదానిలో దొంగ ప్రవేశించినను మూలము క్షేమముగా నుండును.

ఇంత శ్రమ యెందుకు, నకలును చేతితోనే వ్రాసికొనరాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. పది పుటలకు చెల్లును. వందలకు చెల్లదు, చేయువాడు బదిలీ యైన దినమున నకలు అక్కడనే ఆగిపోవును. 2007లో ప్రారంభమైన కివిక్స్ ఈ సంగతికి మంచి సాక్ష్యము. అంతర్జాలము అందని పాఠశాలలకును ఊళ్లకును వికీపీడియా ప్రతులను అది అందించుచున్నది. తెలుగు వికీపీడియాయు అందులో కలదు. ఆ ప్రతులను మనుష్యులు ఒక్కొక్క పుటగా వ్రాయుట లేదు, యంత్రములే తయారుచేయుచున్నవి.

వికీపీడియా నుండి నకలు తీయువారు మరొక ధర్మమును పాటింపవలెను. 2009 జూన్ నుండి అందలి వ్రాత క్రియేటివ్ కామన్స్ అను అనుమతి క్రింద నున్నది. ఎవరైన వాడుకొనవచ్చును, కాని వ్రాసినవారిని పేర్కొనవలెను, మార్చినచో మార్చితిమని చెప్పవలెను, తమ ప్రతిని కూడ అదే అనుమతితో ఇతరులకు ఈయవలెను. పుట అడుగున మూలపు చరిత్రకు లంకె నుంచుట అందుకు చక్కని మార్గము. దానితోపాటు ఆమోదించిన తేదీయు, కూర్పు సంఖ్యయు ఉండవలెను.

చివరకు ఒక మాట. ప్రోగ్రాము ఒప్పును ఎంత వేగముగా మోయునో, తప్పును అంత వేగముగానే మోయును. బాదేపల్లి మార్కెట్టును గూర్చిన వాక్యము నిజమో కాదో దానికి తెలియదు; ఆ సంగతి ఎరిగినవారు జడ్చర్లలో నున్నారు. ఆమోదించు పని అట్టివారిలో ఇరువురు ముగ్గురికైన అప్పగించి, ఒకరు వ్రాసినదానిని మరొకరు సరిచూచునట్లు నియమించుకొనవలెను. పాఠకులును తమ ఊరి పుటను ఏ వెబ్‌సైటులో చూచినను, ముందుగా అడుగున నున్న తేదీని చూడవలెను. తేదీయే లేని నకలులోని జిల్లా పేరును మూలముతో పోల్చి చూచిన పిమ్మటనే దరఖాస్తులో వ్రాయుట మేలు.