ఆస్తి ఒకరి పేరున, అనుభవం ఇంకొకరిది

జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు గనుల్లో అడుగుపెట్టింది 1880లో. మరో రెండేళ్లకి, 1882 మార్చి 1న, బ్రిటిష్ ఇండియాలో ట్రస్టుల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ బంగారు గనుల ప్రాంతంలోని ఊరిగాం అప్పుడు మైసూరు సంస్థానంలోది. బంగారం మీద లాభం మాత్రం లండన్ వాటాదారులది. ట్రస్టు అనే ఏర్పాటూ ఇంగ్లండు నుంచి వచ్చిందే.

అక్కడ దాని పుట్టుక చాలా పాతది. యుద్ధానికి పోయే భూస్వామి, 'నా భార్యాబిడ్డలను చూసుకో' అని భూమిని స్నేహితుడి పేరున పెట్టేవాడు. స్నేహితుడు మాట తప్పితే మామూలు కోర్టులు చేతులెత్తేసేవి, ఎందుకంటే కాగితం మీద భూమి అతనిదే. దిక్కులేక కుటుంబం రాజుకు మొరపెట్టుకునేది. రాజు తరఫున ఛాన్సలర్ అనే ఉన్నతాధికారి ఆ స్నేహితుణ్ణి పిలిపించి, ఇచ్చిన మాటకు కట్టిపడేసేవాడు. ఆ తీర్పుల్లోంచే ట్రస్టు పుట్టింది. దీనివల్ల తన రాబడి పోతోందని ఎనిమిదో హెన్రీ 1530ల్లో చట్టం తెచ్చినా వకీళ్లు దారి వెతుక్కున్నారు.

మన దేశంలో పెద్ద పరీక్ష కలకత్తాలో జరిగింది. ప్రసన్నకుమార్ ఠాగూర్ కొడుకు జ్ఞానేంద్రమోహన్ క్రైస్తవం తీసుకున్నాడు. తండ్రి అతనికి ఏమీ మిగల్చకుండా, ఆస్తి తరతరాలూ మగ సంతానానికే పోవాలని ట్రస్టీల చేతిలో పెట్టి వీలునామా రాశాడు. 1872లో, అప్పటి చివరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ తేల్చింది: హిందువు ట్రస్టు పెట్టవచ్చు, కానీ హిందూ ధర్మం నేరుగా ఇవ్వనివ్వని దాన్ని ట్రస్టు చాటున ఇవ్వడం కుదరదు. ఇంకా పుట్టనివాళ్లకు ఇవ్వడం అలాంటిదే. ఆ అడ్డు తొలగించడానికి మద్రాసులో 1914లో, కేంద్రంలో 1916లో చట్టాలు చేయాల్సి వచ్చింది.

హైదరాబాదు నిజాం 1950లో పెట్టిన ఫ్యామిలీ ట్రస్టు మూలధనం 9 కోట్ల రూపాయలు. ఆయన ట్రస్టుల మీద సంపద పన్ను వివాదం 1977లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి పేర్లు విని, ట్రస్టంటే కోటీశ్వరుల వ్యవహారమని జనం అనుకుంటారు. ఆ అభిప్రాయం మారాలి. తన పని తాను చేసుకోలేని బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు అరుదు.

ఎందుకంటే 1882 నాటి ట్రస్టుల చట్టం ట్రస్టీని గట్టిగా పట్టుకుంటుంది. మామూలు వివేకం ఉన్న మనిషి సొంత ఆస్తి మీద చూపే జాగ్రత్తే చూపాలి. ట్రస్టు ఆస్తితో సొంత లాభం చేసుకోకూడదు. పత్రంలో రాయకపోతే, వేరే ఒప్పందమో కోర్టు ఆదేశమో లేకపోతే, జీతమూ లేదు. తప్పు చేసి నష్టం తెస్తే పూడ్చాలి. స్థిరాస్తి అయితే రిజిస్టరైన పత్రమో వీలునామానో తప్పనిసరి. గుళ్లూ సత్రాల ధర్మాదాయాలు, ముస్లిం వక్ఫులు, ఉమ్మడి కుటుంబపు అంతర్గత హక్కులు ఈ చట్టం పరిధిలోకి రావు.

ఊరిగాంలో చిక్కు వేరేచోట ఉంది. బదిలీ చేయగల ఆస్తి మీదే ట్రస్టు రాయవచ్చంటుంది 8వ సెక్షన్. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డా, తరాలుగా కార్మికులు బతికిన లైన్ల ఇళ్లు గనుల యాజమాన్యానివే. తన పేరున పట్టా లేనివాడు పిల్లల కోసం ట్రస్టు రాయలేడు. ముందు ఆ పట్టాలు ఇవ్వాలి.