రీసెట్ కొట్టినా పోని పేరు

ప్యాటర్న్ మరిచిపోయారు. పక్కింటి కుర్రాడు పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రీసెట్ కొట్టాడు. ఫోన్ కొత్తదానిలా లేచింది, వైఫై పట్టింది, పాత గూగుల్ ఖాతా చెబితే గానీ కదలనంది. చింతూరు సెంటర్‌లో సెల్ రిపేరు చేసేవాళ్లకు ఇది కొత్త కేసేమీ కాదు.

ఈ తాళం పుట్టింది అమెరికా నగరాల్లో, ఫోన్ దొంగల పుణ్యమా అని. 2013 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు కంపెనీల వెంటపడ్డారు. దొంగిలించిన ఫోన్ ఇటుకరాయిలా పడుండాలన్నది వాళ్ల పట్టు. ఆ సెప్టెంబరులోనే ఆపిల్ యాక్టివేషన్ లాక్ తెచ్చింది. ఇలాంటి తాళం తప్పనిసరంటూ 2014లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2015 మార్చిలో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ వంతు వచ్చింది.

కిటుకు చిన్నదే. రీసెట్ ఫోటోలు, వాట్సాప్ అన్నీ తుడిచేస్తుంది. కానీ మెమరీలో ఒక మూల మాత్రం దాని చేతికి అందదు. యజమాని ఖాతా గుర్తులు అక్కడే ఉంటాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిన్ కొట్టి రీసెట్ చేస్తే ఆ మూలా ఖాళీ అవుతుంది. బటన్లు నొక్కి చేస్తే కాదు. పాత ఫోన్ కొనేటప్పుడు అమ్మేవాడి చేతే సెట్టింగ్స్ నుంచి రీసెట్ చేయించమనేది అందుకే.

దొంగనూ మతిమరుపు యజమానినీ ఈ తాళం ఒకే గాట కట్టేస్తుంది. గూడేల్లో ఇంకో చిక్కు: చాలామందికి జీమెయిల్ తెరిచిపెట్టింది ఫోన్ అమ్మిన దుకాణంవాడే. ఐడీ, పాస్‌వర్డ్ కాగితం మీద రాసివ్వకపోతే సగం తప్పు అతనిదేనంటాను. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఓటీపీ పోయేదేమో ఎప్పుడో రీచార్జి మానేసిన సిమ్‌కి!

కొత్త ఫోన్లలో చాలావాటికి పాత పిన్ కొట్టినా చాలు. అదీ గుర్తులేకపోతే ఇంతకుముందు అదే ఖాతా వాడిన ఇంకో ఫోన్ నుంచి, వాడిన చోటునుంచే గూగుల్ ఖాతా రికవరీకి ప్రయత్నించాలి. గూగుల్ వాటినీ చూసి నమ్ముతుంది. పాస్‌వర్డ్ మార్చాక 24 గంటలు ఆగాకే రీసెట్ చేయమంటుంది. యూట్యూబ్‌లో చూపించే బైపాస్‌లు సెటప్ తెరలోని కంతల్లోంచి దూరేవి. ఒక్కో అప్‌డేట్‌తో అవి మూసుకుపోతున్నాయి, ఆండ్రాయిడ్ 15లో మరీ బిగించారు.

ఆఖరి దారి కంపెనీ సర్వీస్ సెంటర్. బిల్లు, డబ్బా అడుగుతారు. చింతూరేమో 2022 జూలైలో గోదావరి పోటుకు శబరి నది ఎగదన్ని ఇళ్లు మునిగిన ఊరు. సర్వీస్ సెంటర్ కోసం భద్రాచలం బస్సెక్కే ముందు ఆ బిల్లు ఇంట్లో ఉందో, వరదకు పోయిందో చూసుకోవాలి.