బొర్రా గుహలు - ఒడ్డాది మత్స్యరాజులు

శాసనములును దేవాలయములును గల చోటనే చరిత్ర యుండునని తలంచు వాడుక కలదు. అట్లు చూచినచోఁ దూర్పుకనుమలలోని యరకుసీమ చరిత్రశూన్యముగాఁ దోఁచును. కాని యచ్చట మానవుని జాడ శాసనములకంటె ననేక సహస్రవర్షములు ప్రాచీనమైనది. మధ్యయుగమున నా కొండలపేరు రాజవంశావళిలోనే చేరినది.

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలమున, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున బొర్రా గుహలు గలవు. సున్నపుఱాతిని నీరు కరఁగించుటచే నివి యేర్పడినవి. పైకప్పునుండి కాఱు బొట్లు విడిచిన సున్నము క్రిందఁ బేరుకొని లింగాకృతిఁ దాల్చినది. గుహలోఁ బడిన యావును వెదకుచుఁ బోయిన కాపరికి లింగము కనఁబడెనని స్థానికగాథ. గోస్తని యను నదీనామమునకును దానినే కారణముగాఁ జెప్పుదురు.

ఈ గుహలలో ఆంధ్రవిశ్వవిద్యాలయ మానవశాస్త్రజ్ఞులు త్రవ్వి మధ్యప్రాచీనశిలాయుగపుఁ బనిముట్లను గనుఁగొనిరి. వానికి 30,000 మొదలు 50,000 ఏండ్ల ప్రాయము చెప్పఁబడినది. ఆ యుగమువారు పెద్దఱాతినుండి పెచ్చులు గొట్టి, యంచులు దీర్చి, తోళ్లు గీఁకుటకును గఱ్ఱ చెక్కుటకును వాడిరి. పెచ్చుమీఁద దెబ్బ తగిలినచోట నొక యుబ్బు నిలుచును. మనుష్యుఁడు కొట్టిన ఱాతిని దానంతటఁ బగిలిన ఱాతినుండి వేఱుపఱుచు గుర్తులలో నది యొకటి.

ఱాయి యొక కొన యైనచో రెండవ కొన రాగి. శా. శ. 1191, అనఁగా క్రీ. శ. 1269లో మత్స్యవంశపు రాజగు నర్జునుఁడు బ్రాహ్మణులకు నగ్రహార మిచ్చినట్లు దిబ్బిడ తామ్రశాసనము తెలుపుచున్నది. దీనిని గిడుగు రామమూర్తి పంతులుగారు ఎపిగ్రాఫియా ఇండికా 5వ సంపుటమునఁ బ్రకటించిరి. శాపముచే మత్స్యమైన యప్సరసకును నొక మునికిని సత్యమార్తాండుఁడు జనించెననియు, ఉత్కలరాజు జయత్సేనుఁడు వానికిఁ గూఁతు నిచ్చి యొడ్డవాది నేల నియమించెననియు నందలి కథ. ఒడ్డవాదియే కొండలక్రింది నేఁటి వడ్డాది.

కథలోని మత్స్యానదిని నామసామ్యమునుబట్టి మాడుగుల కొండలలోఁ బుట్టు మాచ్‌ఖండ్ నదిగా గ్రహింపవచ్చును. పాడేరు ప్రాంతమున నీ యేటియందే మత్స్యగుండము గలదు; అందలి చేఁపల నెవరును బట్టరు. మాడుగుల జమీందారులును మత్స్యవంశమును జెప్పుకొని చేఁపలను బూజ్యముగా నెంచిరి. కావున కొండయేటి గాథయే పల్లపుసీమ రాజులకు వంశమూల మయ్యెను. గిరిజనులు చరిత్రకు వెలుపలివారనుట కిది చాలినంత ప్రత్యుత్తరము.

బొర్రా పరిసరములలో ఖనిజములకై కౌలు లిచ్చుటపై వివాదము పుట్టి, 1997లో సర్వోన్నత న్యాయస్థానము సమత వ్యాజ్యమునఁ దీర్పు చెప్పినది. షెడ్యూల్డు ప్రాంతములలోఁ బ్రభుత్వభూమిని గిరిజనేతరులకు గనులకై కౌలున కీయరాదని దాని సారము. అది గిరిజనుల భూమిని గాపాడుటకైన తీర్పు. పురాతత్త్వమునకును మేలు చేసినది. పనిముట్టు తానున్న మట్టిపొరలో నుండఁగనే తన కాలము చెప్పఁగలదు. పొర చెదరిన పిమ్మట నది వట్టి ఱాయి. తామ్రశాసనమును జదువ నక్షరజ్ఞానము చాలును. ఱాతిని జదువ నేల చెదరకుండవలయును.