గడ్డం కత్తికి తుప్పు పట్టకుండా చూసుకోవడం ఎలా?

ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల గ్రామాల పెద్దవాళ్ళలో కొందరు ఇప్పటికీ మడత కత్తితోనే గడ్డం గీసుకొంటారు. కొన్ని ఇళ్ళలో అది తాతల నాటి కత్తి. ఇంటికి వచ్చి క్షవరం చేసే నాయీబ్రాహ్మణ సోదరుల పెట్టెలోనూ ఒకటి ఉంటుంది. ఆ కత్తికి తుప్పు పట్టకుండా ఏం చేయాలో, ఆరోగ్యానికీ దానికీ ఉన్న సంబంధమేమిటో ఈసారి చెప్పుకొందాం.

ఇనుముకు నీరూ, గాలిలోని ప్రాణవాయువూ రెండూ తగిలితే తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు ఉంటే అది ఇంకా త్వరగా పడుతుంది. మన మెట్ట ప్రాంతంలో చాలా బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయని మీకు తెలిసిందే. ఆ నీళ్ళతో కడిగి కత్తిని అలాగే వదిలేస్తే నీరు ఆరిపోతుంది గాని ఉప్పు కత్తి మీదే ఉండిపోతుంది. గాలిలోని తేమను అది మళ్ళీ పీల్చుకొంటుంది. మే నెల ఎండల్లో బాగానే ఉన్న కత్తి అక్టోబరు నుండి డిసెంబరు దాకా పట్టే ముసురులో, అంటే క్రిస్మస్ ముందరి వానల్లో, నాలుగు రోజులకే ఎర్రబడేది ఇందుకే. చేతి చెమటలోనూ ఉప్పు ఉంది. పటిక సంగతి చాలామందికి తోచదు. గీసుకొన్నాక ముఖానికి రుద్దే పటిక నీటిలో కరిగితే పులుపు గుణం చూపుతుంది, ఇనుమును తింటుంది. పటిక చేత్తో కత్తిని ముట్టుకోవద్దు.

పాత కత్తులు ఎక్కువగా కార్బన్ ఉక్కువి. వాటికి పదును బాగా నిలుస్తుంది, తుప్పు కూడా త్వరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో పదింట ఒక వంతుకు పైగా క్రోమియం కలుస్తుంది కాబట్టి అది కొంత తట్టుకొంటుంది. అయినా ఉప్పునీటి ముందు దానికీ పూర్తి రక్షణ లేదు.

గీసుకోవడం అయిన వెంటనే చేయవలసిన పని పెద్దదేమీ కాదు. సబ్బు నురుగు, వెంట్రుకలు పోయేలా కడగండి. చివరిసారి వాననీళ్ళు గాని, తాగడానికి తెచ్చుకొన్న శుద్ధిచేసిన నీళ్ళు గాని ఒక గ్లాసు పోస్తే ఉప్పు పోతుంది. మెత్తని పొడిగుడ్డతో వెనుక వైపు నుండి అంచు వైపుకు తుడవండి. అంచు పొడవునా గుడ్డను లాగితే వేలు తెగుతుంది. మడిచే కీలు దగ్గర నీరు నిలుస్తుంది, తుప్పు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. గుడ్డ కొసను అక్కడికి పోనిచ్చి తుడిచి, పిల్లలకు అందని చోట కొన్ని గంటలు కత్తిని తెరిచి ఉంచండి. తర్వాత ఒక చుక్క నూనె రాయండి. మా మాటగా చెప్పాలంటే కుట్టుమిషను నూనె మంచిది, ఏ టైలరు దగ్గరైనా దొరుకుతుంది. కొబ్బరినూనె రోజూ వాడే కత్తికి పరవాలేదు గాని, నెలల తరబడి దాచితే జిగురుగా మారుతుంది. చాలాకాలం వాడకపోతే వాజలిన్ పలుచగా పూయండి. తడి తోలుసంచిలో, మూతి కట్టిన ప్లాస్టిక్ కవరులో పెట్టవద్దు. మళ్ళీ వాడే ముందు నూనె తుడిచి, సబ్బుతో కడగాలి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. నూనె తుప్పును ఆపుతుంది, క్రిములను చంపదు. రక్తపు మరక మీదే నూనె రాస్తే కత్తి మెరుస్తూనే ఉంటుంది, ప్రమాదమూ ఉంటుంది. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతకగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు. బ్లీచింగ్ నీళ్ళు దాన్ని చంపుతాయి, కాని కార్బన్ ఉక్కును త్వరగా పాడుచేస్తాయి. కాబట్టి ఇంటి కత్తిని కడిగి ఆరబెట్టాక 70 శాతం స్పిరిట్‌తో తుడిచి, అది ఆరాక నూనె రాయడం మేలు. స్పిరిట్ దగ్గర దీపం, అగ్గిపుల్ల ఉండకూడదు. ఇంతచేసినా ఒక కత్తి ఒక్కరికే. తండ్రీకొడుకులైనా పంచుకోవద్దు. పటిక ముక్క కూడా అంతే. సెలూనులో ప్రతి ఒక్కరికీ కొత్త బ్లేడు వేయమని అడగండి. పసిబిడ్డల పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు మొహమాటం అసలే వద్దు. పిల్లల టీకాలలో హెపటైటిస్-బి దేశమంతటా చేరింది 2011లో. అంతకుముందు పుట్టిన పెద్దవాళ్ళలో చాలామందికి ఆ రక్షణ లేదు.

తుప్పు వల్లనే ధనుర్వాతం వస్తుందని అనుకొంటారు. దాని క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. తుప్పు గుంటలలో మురికి చేరుతుంది కాబట్టి అనుమానం మంచిదే. మురికి కత్తితో తెగి, ధనుర్వాతం టీకా వేసుకొని 5 ఏళ్ళు దాటితే వెంటనే రండి. ఇప్పుడు టీటీ బదులు టీడీ అనే ఇంజక్షన్ ఇస్తున్నారు.

తుప్పు పట్టిన అంచు రంపంలా చర్మాన్ని గీరుతుంది. ఆ గీరులలో చీము పట్టడం షుగరు ఉన్నవారికి చిన్న విషయం కాదు. ఆపరేషన్‌కు వచ్చేవారికి కూడా ఇదే కారణంగా ఒక మాట: ఇంట్లో కత్తితో గీయించుకొని రావద్దు. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో కత్తిరిస్తారు.

కత్తి వెనుక మందం మీద ఎర్రటి పొర మాత్రమే ఉంటే నూనె గుడ్డతో మెల్లగా రుద్దండి. ఇటుకపొడి, గరుకు కాగితం వద్దు. తుప్పుతో పాటు అంచూ పోతుంది. వెలుతురుకు పట్టి చూస్తే అంచులోనే గుంటలు కనిపిస్తున్నాయా? సాన పట్టేవారికి చూపించండి. సానతో పోనంత లోతైతే, తాతగారి గుర్తుగా నూనె రాసి పెట్టెలో దాచుకోండి. ముఖానికి మాత్రం వాడవద్దు.