ఎర్రర్ మెసేజ్ ఇవ్వని మందు

కోడ్‌లో ఒక్క సెమికోలన్ మర్చిపోతే కంపైలర్ ఊరుకోదు. ఏ లైన్‌లో తప్పుందో చెప్పి మరీ ఆపేస్తుంది. అలాంటి తప్పుతో మనకి పెద్ద ఇబ్బంది లేదు. అసలు బాధంతా ప్రోగ్రామ్ చక్కగా రన్ అయిపోయి, ఎక్కడా ఎర్రర్ చూపించకుండా, తప్పు జవాబు ఇచ్చినప్పుడే. ఆ బగ్ దొరకాలంటే ఒక్కోసారి తెల్లారిపోతుంది.

మన ఇళ్ళల్లో ఫ్రిజ్‌లో, పచ్చిమిరపకాయల కవర్‌కీ పెరుగు గిన్నెకీ మధ్య ఉండే ఇన్సులిన్ సీసా కూడా అలాంటిదే. ఎండకి పాడైనా చూడ్డానికి మంచిదానిలాగే ఉండొచ్చు. సిరంజి మారిపోయినా దాని మీద గీతలు గీతల్లాగే కనిపిస్తాయి. తప్పు జరిగిందని తెలిసేది షుగర్ బాగా పెరిగాకో, మనిషి కళ్ళు తిరిగి పడిపోయాకో. అందుకే తప్పు జరగకముందే మనం చెక్ చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్ని యూనిట్లు వేసుకోవాలన్నది డాక్టర్ చెప్పాలి, అందులో మనం వేలు పెట్టకూడదు. కానీ ఆ మందుని ఎలా దాచాలి, ఎలా వాడాలి అన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. ముఖ్యంగా చదువుకునే మనకి.

ఎందుకింత సున్నితం?

ఇన్సులిన్ ఒక ప్రోటీన్. 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా కలిసి ఒక ఆకారంలో మడతపడి ఉంటాయి. ఆ ఆకారం ఉన్నంతవరకే అది పని చేస్తుంది. మాత్రలా మింగితే కడుపులో అరిగిపోతుంది కాబట్టే సూది మందుగా ఇస్తారు. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయికి దీన్ని మొదటిసారి ఇచ్చారు. మందు సరిగా శుద్ధి కాకపోవడంతో ఆ రోజు పెద్దగా ఫలితం రాలేదు. ఇంకా శుద్ధి చేసి జనవరి 23న మళ్ళీ ఇస్తే షుగర్ దిగింది. అంతకుముందు టైప్ 1 షుగర్ వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు.

గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది. చల్లారాక అది మళ్ళీ పచ్చిగుడ్డు అవ్వదు కదా. ప్రోటీన్‌కి వేడి తగిలితే అంతే, ఆకారం పోతే పోయినట్టే. ఇన్సులిన్ గుడ్డులా ఒక్కసారిగా మారదు, మెల్లమెల్లగా బలం తగ్గుతుంది. గడ్డకట్టినా పాడవుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే.

ఫ్రిజ్‌లో ఏ అరలో?

ఇంకా తెరవని సీసాలు, పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. "చల్లగా ఉండాలి అన్నారు కదా" అని ఐస్ పెట్టే గదిలో పెట్టేవాళ్ళున్నారు. అది పూర్తిగా తప్పు. ఫ్రిజ్ వెనక గోడకి ఆనించి పెట్టినా కొన్నిసార్లు గడ్డకట్టేస్తుంది. మాటిమాటికీ తెరిచే తలుపు దగ్గర చల్లదనం నిలకడగా ఉండదు. ఒక చిన్న డబ్బాలో పెట్టి, మధ్య అరలో, ముందు వైపు ఉంచితే సరిపోతుంది.

వాడటం మొదలుపెట్టిన సీసాని గదిలో ఉంచుకోవచ్చు. కాకపోతే గది వేడి 25 డిగ్రీలో 30 డిగ్రీలో దాటకూడదు. ఆ లెక్క మందుని బట్టి మారుతుంది, అట్టపెట్టెలో ఉండే కాగితంలో రాసి ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఇంటి గది 30 లోపు ఉండటం జరగని పని. కాబట్టి మన ఎండాకాలంలో వాడుతున్న సీసా కూడా ఫ్రిజ్‌లోనే ఉండటం మంచిది. వేసుకునే ముందు కాసేపు బయట పెడితే చాలు, చల్లటి మందు ఎక్కించినప్పుడు వచ్చే నొప్పి తగ్గుతుంది.

ఇంకొకటి, తేదీ. సీసా మీద ముద్రించిన ఎక్స్‌పైరీ తేదీ తెరవని సీసాకి మాత్రమే. మూత తెరిచాక చాలా రకాలకి 28 రోజులే గడువు. మా నానమ్మని "ఈ సీసా ఎప్పుడు తెరిచావే?" అని అడిగితే, "మొన్న బోనాలప్పుడు అనుకుంటా రా" అంది. ఆ 'అనుకుంటా' దగ్గరే లెక్క తప్పుతుంది. ఇప్పుడు మా ఇంట్లో కొత్త సీసా తెరిచిన రోజే దాని లేబుల్ పక్కన మార్కర్‌తో తేదీ రాస్తున్నాం. రెండు సెకన్ల పని.

కరెంటు పోతే? ప్రయాణంలో?

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే సుమారు 4 గంటలు లోపల చల్లగానే ఉంటుంది. తెరిచి తెరిచి చూస్తే ఆ చల్లదనం కాస్తా పోతుంది. అసలు ఫ్రిజ్ లేని ఇళ్ళల్లో మట్టికుండ పనికొస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, మందుని మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి అందులో ఉంచి, పైన తడిబట్ట కప్పాలి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. గాలి పొడిగా ఉండే అనంతపురం, ఆదిలాబాద్ లాంటి చోట్ల ఇది బాగా పనిచేస్తుంది. కాకినాడ, విశాఖల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంత చల్లబడదు. కుండ ఫ్రిజ్‌తో సమానం కాదు. నిల్వ సీసాలు తెలిసిన మెడికల్ షాపు ఫ్రిజ్‌లోనో పక్కింటి ఫ్రిజ్‌లోనో ఉంచి, వాడే సీసా ఒక్కటీ కుండలో పెట్టుకోవచ్చు.

ఊరెళ్ళేటప్పుడు బైక్ డిక్కీలో, ఎండలో ఆపిన కారులో మందు వదలకూడదు. ఐస్ ప్యాక్ పెడితే మందుకి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టాలి. విమానంలో అయితే చేతి సంచిలోనే తీసుకెళ్ళాలి. కింద సామాన్ల అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, పైగా లగేజీ తప్పిపోతే మందూ దానితోపాటే పోతుంది.

40, 100: అసలు ప్రమాదం ఇక్కడ

నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దగ్గరికి వెళ్ళి నాశనమైంది. ఒక టీమ్ సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో అంకెలు ఇస్తే, ఇంకో టీమ్ సాఫ్ట్‌వేర్ వాటిని న్యూటన్ల లెక్క అనుకుంది. అంకె సరైనదే, యూనిట్ వేరు. మన ఇళ్ళల్లో అదే బగ్ ఇన్సులిన్ సిరంజిలో దాక్కుని ఉంది.

ఇన్సులిన్‌ని యూనిట్లలో కొలుస్తారు. మన దేశంలో దొరికే సీసాల్లో చాలావాటిలో ఒక మిల్లీలీటర్‌కి 40 యూనిట్లు ఉంటాయి. పెన్నుల్లో, కాట్రిడ్జుల్లో, ఇంకా కొన్ని సీసాల్లో మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలు కూడా రెండు రకాలు. 40 సిరంజికి సాధారణంగా ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత. 40 సీసాకి 40 సిరంజి, 100 సీసాకి 100 సిరంజి. అంతే రూల్.

మారిపోతే ఏమవుతుందో లెక్క చూద్దాం. డాక్టర్ 20 యూనిట్లు రాశారు. 40 సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటర్. అదే సిరంజితో 100 సీసాలోంచి లాగితే ఆ అర మిల్లీలీటర్‌లో 50 యూనిట్లు వస్తాయి. అంటే రెండున్నర రెట్లు ఎక్కువ. షుగర్ దారుణంగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పుడు తిరగేసి చూడండి. 100 సిరంజిలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటర్. దానితో 40 సీసాలోంచి లాగితే వచ్చేది 8 యూనిట్లే. రోజూ "20 వేసుకుంటున్నా" అనుకుంటూనే ఉంటారు, షుగర్ మాత్రం దిగదు. దిగట్లేదని డోసు పెంచుతారు. తర్వాత ఎప్పుడో సరైన సిరంజి దొరికిన రోజు, పెంచిన డోసు మొత్తం ఒంట్లోకి వెళ్తుంది.

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రమాదానికి ఇంకో దారి కూడా ఉంది. అమెరికాలో 1970లలోనే 100 పద్ధతికి మారిపోయారు. అక్కడి నుంచి వచ్చే కొడుకో కూతురో ప్రేమగా ఒక డబ్బా సిరంజిలు తెస్తారు. అవి 100 సిరంజిలు. ఇక్కడి సీసా 40ది. సూది సన్నగా ఉంది, నొప్పి లేదు అని పెద్దవాళ్ళు సంతోషంగా వాడేస్తారు. అలాగే పెన్ పాడైందని దాని కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగడం కూడా చేయకూడని పని.

వేసుకునేటప్పుడు

ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తర్వాత సీసా మీద పేరు చదవాలి. తొందరలో పొద్దుటి మందు బదులు రాత్రి మందు తీసుకునే అవకాశం ఉంటుంది. నీళ్ళలా ఉండాల్సిన మందులో మబ్బు, రంగు, రేణువులు కనిపిస్తే వాడకూడదు. పాలలా తెల్లగా ఉండే రకమైతే రెండు అరచేతుల మధ్య మెల్లగా 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేసి కలపాలి. దగ్గు మందు సీసాలా గట్టిగా ఊపకూడదు. అలా కలిపాక కూడా ముద్దలు కనిపిస్తే ఆ సీసా పనికిరాదు.

పెన్ అయితే ప్రతిసారీ కొత్త సూది బిగించి, ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చూడాలి. చుక్క కనిపిస్తేనే దారి తెరుచుకుని ఉన్నట్టు. సూదిని పెన్‌కే వదిలేస్తే లోపలికి గాలి వెళ్తుంది, మందు కారుతుంది. వేసుకున్నాక బటన్ నొక్కి ఉంచి 10 లెక్కపెట్టి సూది తీయాలి. ఒకరి పెన్ ఇంకొకరు వాడకూడదు, సూది మార్చినా సరే. రక్తం కంటికి కనిపించనంతగా కాట్రిడ్జ్‌లోకి వెనక్కి వెళ్ళే అవకాశం ఉంది.

పొట్ట మీద బొడ్డుకి రెండు మూడు వేళ్ళ దూరం వదిలి, లేదా తొడ మీద వేసుకుంటారు. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది. ఆ గడ్డలో నొప్పి తక్కువ కాబట్టి పెద్దవాళ్ళు మళ్ళీ మళ్ళీ అక్కడే పొడుచుకుంటారు. కానీ గడ్డలోంచి మందు ఒక రోజు తొందరగా, ఒక రోజు ఆలస్యంగా ఒంటికి పడుతుంది. ప్రతిసారీ ముందటి చోటుకి ఒక వేలు దూరం జరగాలి. ఇప్పటికే గడ్డలుంటే, చోటు మార్చే ముందు డాక్టర్‌కి చెప్పాలి. మంచి చోట వేస్తే అదే డోసు ఎక్కువైపోవచ్చు.

వాడేసిన సూది ఎక్కడికి పోతుంది?

మన చేతిలోంచి చెత్తబుట్టలోకి, అక్కడి నుంచి చెత్త ఏరే మనిషి చేతిలోకి. చాలా సందర్భాల్లో ఆ చేతికి గ్లౌజు ఉండదు. ఆ సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి లాంటివి సోకే ప్రమాదం ఉంది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంట్లో వాడిన సూదుల్ని, సిరంజిల్ని ప్రమాదకర గృహ వ్యర్థాల్లో చేర్చాయి. అంటే తడి చెత్తలోనో పొడి చెత్తలోనో కలిపి పడేయకూడదు. దీనికి పెద్ద ఖర్చేం లేదు. బట్టలుతికే లిక్విడ్ వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా చాలు. పల్చటి నీళ్ళ బాటిల్‌ని సూది పొడుచుకుని బయటికి వస్తుంది. సూదికి మళ్ళీ మూత పెట్టే ప్రయత్నం చేయకుండా నేరుగా డబ్బాలో వేయాలి. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి టేప్ వేసి, పైన "సూదులు" అని రాయాలి. దాన్ని తీసుకుంటారేమో మీ ఆసుపత్రిలో అడగండి, లేదా మున్సిపాలిటీ చెత్త బండి వాళ్ళకి విషయం చెప్పి విడిగా ఇవ్వండి.

లో షుగర్ వస్తే

ఇది ఇంటికే కాదు, హాస్టల్‌కి కూడా అవసరం. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు మన క్లాసులో, మన రూములో కూడా ఉండొచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, విపరీతమైన ఆకలి, మాట తడబడటం కనిపిస్తే షుగర్ పడిపోయిందేమో అని వెంటనే అనుమానించాలి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు టీ చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించాలి. చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి అది మెల్లగా పనిచేస్తుంది. 15 నిమిషాలాగి మళ్ళీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో ఇన్సులిన్ అస్సలు ఇవ్వకూడదు.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు వైఫై పాస్‌వర్డ్ మార్చడానికి, ఫోన్‌లో స్టోరేజ్ ఖాళీ చేయడానికి మనల్నే పిలుస్తారు కదా. ఈసారి ఒక పది నిమిషాలు ఫ్రిజ్ దగ్గర కూడా కూర్చోండి. సీసా ఏ అరలో ఉందో, ఎప్పుడు తెరిచారో, దాని మీద 40 అని ఉందో 100 అని ఉందో, సిరంజి మూత ఏ రంగో చూడండి. తాతయ్య పొట్ట మీద గడ్డలేమైనా ఉన్నాయా అని అడగండి. తప్పు జరిగినా ఆ సీసా మనకి చెప్పదు. మనమే వెళ్ళి చూడాలి.