వార్తల్లో పదం: ఎయిడెడ్ విలీనం

దాతలు కట్టిన బడిలో ప్రభుత్వం టీచర్లకు జీతాలిస్తే అది ఎయిడెడ్ బడి. స్థలం, భవనం, యాజమాన్యం ట్రస్టువి. మామిడి తోటల నూజివీడులో జమీందారీ కుటుంబం చొరవతో వెలిసిన ధర్మ అప్పారావు కాలేజీ ఆ దాతృత్వ సంప్రదాయం నుంచి వచ్చిందే. ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి నింపక చాలాచోట్ల ఎయిడెడ్ సంస్థలు నీరసించాయి.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి వీటిని తనలో కలుపుకోబోయింది. యాజమాన్యాలు ఆస్తులతో సహా అప్పగించవచ్చు, లేదా ఎయిడెడ్ సిబ్బందిని మాత్రం ఇచ్చేసి ప్రైవేటుగా నడుపుకోవచ్చు అంది. ఈ రెండో దారిలోనే అసలు చిక్కుంది: సర్కారు జీతమిచ్చే టీచరు వెళ్లిపోయాక ఫీజు కట్టలేని పిల్లలు ఎక్కడికి పోవాలి? నవంబరులో అనంతపురం విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ నెలలోనే ప్రభుత్వం, ఎయిడెడ్‌గా కొనసాగడానికీ, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడానికీ వీలిచ్చింది. ఆ పని ముందే చేయాల్సింది.

బడుల పగ్గాలు ప్రభుత్వం చేతిలోకి తీసుకోవడం ఇక్కడే కాదు: అమెరికాలో 2023లో టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్ బడులకు ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి తన మనుషుల్ని నియమించింది.

మీ ఊరి బడి చేతులు మారుతుందంటే స్థలం ఎవరిదవుతుందో, చదువు ఉచితంగానే ఉంటుందో లేదో రాతపూర్వకంగా అడగండి.