వదులు స్కేట్స్‌తో చీలమండకు ముప్పు
కల్వకుర్తి: వచ్చే ఏడాదికీ పనికొస్తాయని పిల్లలకు బడిబూట్లు ఒక సైజు పెద్దవి కొనడం మన ఇళ్లలో పరిపాటి. రోలర్ స్కేట్స్ విషయంలో ఈ పొదుపు ప్రమాదకరం. వదులు బూటులో పాదం జారి, చీలమండ పక్కకు ఒరిగి బెణుకుతుంది.

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ క్రీడాకారుడు అనూప్‌కుమార్ యామా కాంస్యాలు సాధించిన క్రీడ ఇదే. స్కేట్స్ కోసం హైదరాబాద్ వెళ్లేవారు పిల్లలను వెంట తీసుకువెళ్లడం ఉత్తమం. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు సైజు నంబరును నమ్మరాదు. అది కంపెనీని బట్టి మారుతుంది. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, మడమను గోడకు ఆనించి నిలబెట్టి, పొడవాటి వేలి కొస వరకు మిల్లీమీటర్లలో కొలవాలి. రెండు పాదాల్లో పెద్దదే ప్రమాణం.

మేజోళ్లతో బూటు తొడిగి నిటారుగా నిలిచినప్పుడు వేళ్లు ముందుభాగాన్ని తాకీతాకనట్లుండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు వెనక్కు జరగాలి గానీ మడమ లేవరాదు. ఎదిగే పిల్లలకు పొడవు సవరించుకునే రకాలు లభిస్తాయి.

గరుకు సిమెంటు రోడ్లకు 78ఎ నుంచి 82ఎ వరకు గల మెత్తని పాలీయూరిథేన్ చక్రాలు అనుకూలం. ప్లాస్టిక్ చక్రాలు చవకే, పట్టు మాత్రం ఉండదు. హెల్మెట్‌కు, మోకాలి, మోచేతి, మణికట్టు ప్యాడ్లకు సొమ్ము పక్కన పెట్టాకే స్కేట్స్ ధర మాట్లాడాలి.